ఓటుకు బొమ్మ, పనికి ఇంగ్లీషు

2021 ఏప్రిల్ గుర్తుందా? తిరుపతి లోక్‌సభ ఉప ఎన్నిక. తాగునీళ్ళు, గిట్టుబాటు ధరలు, కుర్రాళ్ళ ఉద్యోగాలు అన్నీ పక్కకి పోయాయి. రచ్చంతా ఒక టీ గ్లాసు మీద. జనసేన బరిలో లేదు, బీజేపీకి మద్దతిచ్చింది. దాని గాజు గ్లాసు గుర్తేమో నవతరం పార్టీ అనే చిన్న పార్టీ అభ్యర్థికి దక్కింది. ఇంకేముంది? గుండెలు బాదుకున్నారు. ఎన్నికల సంఘానికి అర్జీలు పెట్టారు. కోర్టు మెట్లెక్కారు. ఓటరు అమాయకుడు, గ్లాసు కనబడగానే నొక్కేస్తాడు, ఘోరం జరిగిపోతుంది అని వాదించారు.

మరుసటి ఏడాది మునుగోడు. అక్కడ రోడ్డు రోలరు. బొమ్మ చిన్నదైతే రోలరుకీ తమ కారు గుర్తుకీ తేడా తెలియదని టీఆర్‌ఎస్ గగ్గోలు. రిటర్నింగ్ అధికారి ఏకంగా ఒక అభ్యర్థికిచ్చిన రోలరును వెనక్కి లాక్కున్నాడు. ఎన్నికల సంఘం ఆయనకు అక్షింతలు వేసి రోలరును మళ్ళీ ఆ అభ్యర్థికే ఇప్పించింది.

ఎంత సూక్ష్మదృష్టి! ఎంత కళాభిమానం! అంగుళం కూడా లేని నలుపు తెలుపు బొమ్మ. దాని అంచు ఎలా ఉంది, దూరం నుంచి ఎలా కనిపిస్తుంది, పక్క బొమ్మతో కలిసిపోతుందా, చత్వారం వచ్చిన కళ్ళు పోల్చుకుంటాయా? ఇవన్నీ మన నాయకులకు కరతలామలకం. కంప్యూటర్ తెరమీద ఐకాన్లు గీసేవాళ్ళు ఏళ్ళ తరబడి నేర్చుకునే పాఠం ఇదే. సిలికాన్ వ్యాలీ వాళ్ళు అనవసరంగా డబ్బు తగలేస్తున్నారు. మన పార్టీ ఆఫీసుల్లో కూర్చోబెట్టి నేర్పిస్తే పోలా?

ఒక్కటే చిక్కు. ఈ దివ్యదృష్టి పోలింగ్ రోజు సాయంత్రానికి మూతబడుతుంది. ఆ తర్వాత ఐదేళ్ళు తెరవరు.

పలమనేరు పక్కనో, పుంగనూరు పక్కనో ఏ గ్రామ సచివాలయానికైనా వెళ్ళండి. కంప్యూటర్ ముందు ఒక కుర్రాడు. ఎదురుగా ఒక అవ్వ. తెర మీద ఏముంది? న్యూ ఫోల్డర్. న్యూ ఫోల్డర్ 2. న్యూ ఫోల్డర్ 2 కాపీ. ‘ఫైనల్’ అని ఒకటి, ‘ఫైనల్ ఒరిజినల్’ అని ఇంకొకటి. బ్రౌజర్ తెరిస్తే పోర్టల్. ఆ పోర్టల్లో నీలం గుండ్రాలు వరసగా. ప్రతి గుండ్రంలో ఒక కాగితం బొమ్మ. కులానికి కాగితం, ఆదాయానికి కాగితం, అడంగల్‌కు కాగితం, ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్‌కు కాగితం. చావుకూ పుట్టుకకూ కూడా అదే కాగితం. కింద చీమ తలకాయంత ఇంగ్లీషు పొడి అక్షరాలు.

“నిన్న ఆ కాయితం బొమ్మ నొక్కితే వచ్చె కదా నాయినా, దాన్నే నొక్కు.”

“అది వేరే అవ్వా. ఇది వేరే.”

“రెండూ ఒకటే మాదిరి ఉండాయి కదా?”

“సర్వర్ కూడా రాలేదులే. రేపు రా.”

అవ్వ అడిగిన మాట చూశారా? రెండూ ఒకటే మాదిరి ఉన్నాయంది. గ్లాసు మీద తిరుపతిలో పెట్టిన అర్జీ ఇదే. రోలరు మీద మునుగోడులో పెట్టిన అర్జీ ఇదే. పార్టీ అడిగితే కోర్టు విన్నది, ఎన్నికల సంఘం విన్నది, పేపర్లు మొదటి పేజీలో వేశాయి. అవ్వ అడిగితే? రేపు రావాలి. బస్సు ఛార్జీ పెట్టుకుని.

అవ్వకెందుకయ్యా ఐకాను, కుర్రాడున్నాడు కదా అంటారు పెద్దమనుషులు. ఉన్నాడు. అక్కడే ఉంది కిటుకంతా. తెర అర్థం కాకపోతే మధ్యలో ఒక మనిషి కావాలి. ఆ మనిషికి పని ఎక్కువైతే గేటు బయట ఇంకో మనిషి కావాలి. ఆ బయటి మనిషికి చెయ్యి తడపాలి. కాగితం లేని పాలన అన్నారు. దళారి లేని పాలన అని మాత్రం జాగ్రత్తగా అనలేదు, గమనించారా?

పాపం కుర్రాడికి మాత్రం ఏం తెలుసు? పొద్దున ఒక యాప్ ఇచ్చారు, మధ్యాహ్నం ఇంకో యాప్ దించమన్నారు, సాయంత్రానికి రెండూ కలిపి మూడోది వచ్చింది. మూడింటికీ గుర్తు ఒకటే. ప్రభుత్వ ముద్ర. తన ఫోన్లో ఏ ముద్ర దేనిదో అతనికే తెలియక, వరసలో రెండోది, ఐదోది అని లెక్కపెట్టుకుంటాడు. వరస మారితే? సర్వర్ డౌన్!

2011 జనాభా లెక్కల ప్రకారం ఉమ్మడి చిత్తూరు జిల్లాలో అక్షరాస్యత 72 శాతం లోపే. అంటే పదిమందిలో దాదాపు ముగ్గురికి అక్షరం రాదు. అదే ఏడాది నవంబరులో మీసేవ మొదలైంది. ఎక్కడ? మన చిత్తూరు జిల్లాలోనే. అప్పటి ముఖ్యమంత్రి కిరణ్‌కుమార్ రెడ్డి సొంత జిల్లా. జనం లెక్క ఒక చేతిలో పెట్టుకుని, పథకం రెండో చేత్తో ప్రారంభించారు. ఒక చెయ్యి ఇంకో చేతిని చూసుకోలేదు. అంతకుముందు మార్చిలోనే సోనీ కంపెనీ ఫ్లాపీ డిస్కుల అమ్మకానికి స్వస్తి చెప్పింది. ఇవాళ్టికీ మన కుర్రాళ్ళు అవ్వ దరఖాస్తును దాచాలంటే ఫ్లాపీ బొమ్మ నొక్కాలి. పుట్టి బుద్ధెరిగాక ఒక్క ఫ్లాపీని చేత్తో ముట్టుకోని పిల్లలు!

అక్షరం రానివాళ్ళకు ఎలా చెప్పాలో ఈ దేశానికి తెలియదా? బ్రహ్మాండంగా తెలుసు. 1951-52 మొదటి సాధారణ ఎన్నికలప్పుడే తెలుసు. ఎన్నికల ప్రధాన కమిషనర్ సుకుమార్ సేన్ ముందు నిలబడిన సమస్య అదే. ఓటర్లలో అత్యధికులకు చదువు రాదు. ఏం చేశారు? అభ్యర్థికొక పెట్టె, పెట్టెకొక బొమ్మ. జనం బొమ్మ చూసి చీటీ వేశారు. ప్రపంచం ముక్కున వేలేసుకుంది.

ఆ తర్వాత దశాబ్దాల పాటు ఎన్నికల సంఘంలో ఎం.ఎస్. సేఠీ అనే డ్రాఫ్ట్స్‌మన్ ఉండేవారు. 1992లో రిటైరయ్యారు. సామాన్యుడి ఇంట్లో, వాకిట్లో, చేలో కనబడే వస్తువు ఏది అని అధికారులు చుట్టూ కూర్చుని ఆలోచించేవారు. ఆయన హెచ్‌బీ పెన్సిలుతో గీసేవారు. మంచం, తాళం, నిచ్చెన, కుండ. కన్సల్టెంట్ లేడు. పవర్ పాయింట్ లేదు. ‘యూజర్ జర్నీ’ అనే మాట ఆయన జన్మలో విని ఉండరు. ఆ బొమ్మలు ఇప్పటికీ ఓటింగ్ యంత్రాల మీద పనిచేస్తున్నాయి. పేరు మాత్రం మనలో ఎంతమందికి తెలుసు?

తిరుపతి ఓటరునే చూడండి. 1983లో సైకిల్ బొమ్మ చూసి ఎన్టీఆర్‌ను గెలిపించాడు. 2009లో రైలింజను బొమ్మ చూసి చిరంజీవిని గెలిపించాడు. ఎప్పుడైనా సైకిల్ నొక్కబోయి రైలింజను నొక్కానని మొత్తుకున్నాడా? మరి ఇదే మనిషి ఆదాయ ధ్రువపత్రం ముందు నిరక్షరాస్యుడు ఎలా అయిపోయాడు? ఓటేసినంత సేపూ విజ్ఞుడు, అడిగినంత సేపూ అజ్ఞాని. భలే ఏర్పాటు!

కాస్త సముద్రాలు దాటి వద్దాం. 1982లో ఆపిల్ కంపెనీ మెకింటాష్ తయారుచేస్తోంది. తెర మీద బొమ్మలు కావాలి. ఇంజినీరు ఆండీ హెర్జ్‌ఫెల్డ్ తన హైస్కూలు స్నేహితురాలికి ఫోన్ చేశాడు. పేరు సుసాన్ కేర్. లలితకళల్లో డాక్టరేట్. కంప్యూటర్ పని కొత్త. ఫోన్ వచ్చేనాటికి ఆమె ఆర్కాన్సాలోని ఒక మ్యూజియం కోసం అడవిపంది శిల్పం చేస్తోంది. వెల్డింగు చేసుకునే మనిషిని పిలిచి కంప్యూటర్‌కు ముఖం గీయమన్నారు! మన దగ్గరైతే? ఐదేళ్ళ అనుభవం, ఐఎస్‌ఓ సర్టిఫికెట్, మూడేళ్ళ టర్నోవర్, బయానా సొమ్ము. కాగితాలు లేకపోతే బయటే.

ఆమె గళ్ళ నోటుబుక్కు కొనుక్కుంది. అడ్డం 32 గళ్ళు, నిలువు 32 గళ్ళు. మొత్తం 1,024. ఒక్కో గడి నింపాలి, లేదా వదలాలి. బూడిద రంగు కూడా లేదు. అందులోంచే చెత్తబుట్ట, చేతి గడియారం, రంగు డబ్బా, బాంబు, నవ్వే కంప్యూటర్ వచ్చాయి. 1984 జనవరిలో మెకింటాష్ బజారుకొచ్చింది. ఆ గళ్ళ పుస్తకం ఇప్పుడు న్యూయార్క్ ఆధునిక కళా మ్యూజియంలో ఉంది. అవును, గళ్ళ పుస్తకమే. మన బజారులో ఏ స్టేషనరీ అంగడిలోనైనా దొరికేది.

ఆ కథలో మన నాయకులు గోడకు తగిలించుకోవలసిన ముక్క ఇంకొకటుంది. మొదట్లో మెకింటాష్ మెనూల్లో ప్రతి ఆదేశం పక్కనా ఆపిల్ గుర్తు పెట్టారు. స్టీవ్ జాబ్స్ చూసి మండిపడ్డాడు. తెర నిండా మన లోగోనే ఏమిటి, ఇలా వాడితే దానికి విలువేముంటుంది, తీసెయ్యండి అన్నాడు. తన సొంత కంపెనీ లోగో! సుసాన్ కేర్ గుర్తుల పుస్తకాలు తిరగేసి, స్వీడన్‌లో చూడదగిన చోట్లకు పెట్టే నాలుగు మడతల చిహ్నాన్ని పట్టుకొచ్చింది. ఆపిల్ కీబోర్డు మీద ఇవాళ్టికీ అదే.

సొంత గుర్తు ఎక్కువైందని సిగ్గుపడే మనిషి! మన రాష్ట్రంలో అలాంటి వింత జీవి పుట్టాడా? 2024కు ముందు పట్టాదారు పాసుపుస్తకం మీద ముఖ్యమంత్రి ముఖం. పొలం మా తాతది, చెమట మాది, అట్ట మీద ముఖం ఆయనది. అది చాలక సర్వే రాళ్ళ మీద కూడా చెక్కించారు. రాళ్ళు! అశోకుడు కూడా శాసనాలే చెక్కించాడు, ఫొటో వేయించుకోలేదు. 2024లో ప్రభుత్వం మారింది. ఇప్పుడు ఆ ముఖాలు చెరపడానికి ఇంకో ఖర్చు. వచ్చినవాళ్ళేం తక్కువ తిన్నారా? చంద్రన్న కానుక, చంద్రన్న బీమా, పసుపు అద్దిన అన్న క్యాంటీన్లు ఎవరివి? పేరు ఒకరిది, రంగు ఒకరిది, బిల్లు మాత్రం ఎప్పుడూ మనదే.

రంగులంటే గుర్తొచ్చింది. 2019 తర్వాత పంచాయతీ భవనాలకు అప్పటి అధికార పార్టీ రంగులు పూశారు. 2020 మార్చిలో హైకోర్టు తీసెయ్యమంది. తీశారా? మట్టి రంగు ఒకటి అదనంగా చేర్చి కొత్త జీవో ఇచ్చారు. అందులో వివరణ! ఆకుపచ్చ పంటలకట, నీలం చేపల చెరువులకట, తెలుపు పాలకట, మట్టి రంగు నేలతల్లికట. రంగుకొక అర్థం, ఆకారానికొక కారణం. ఐకాన్ శాస్త్రం మీద తెలుగు నేలలో వెలువడిన మొట్టమొదటి సర్కారీ గ్రంథం అదేనేమో! హైకోర్టు దాన్నీ కొట్టేసింది. జూన్‌లో సుప్రీంకోర్టు కూడా తుడవమంది. ఆ జీవో రాసిన మహానుభావుడెవరో గానీ, ఆయన్ను తెచ్చి పోర్టల్ బొమ్మల పని అప్పగించి ఉంటే ఈ వ్యాసం అక్కర్లేకపోయేది. గోడకు రంగు పూయడానికి ఉన్న తెలివి తెర దాకా ఎందుకు రాదు?

గీసేవాళ్ళు దొరకరంటారా? ఆ మాట శ్రీకాళహస్తికి వెళ్ళి అనండి. తన్నకుండా పంపిస్తే గొప్ప.

అక్కడ కలంకారీ ఇంట్లో కాసేపు కూర్చోండి. గంజి పోయేలా ఉతికిన నూలు గుడ్డను కరక్కాయ కలిపిన పాలలో తడిపి ఆరేస్తారు. చింతబరికెలు కాల్చిన బొగ్గుతో మొదటి గీత. ఆ తర్వాత కసిం. తుప్పు పట్టిన ఇనుప ముక్కలు బెల్లం నీళ్ళలో వేసి రోజుల తరబడి పులియబెట్టిన ద్రవం. వెదురు పుల్ల చివరకు కాస్త పైన గుడ్డ పీలిక చుట్టి ఉంటుంది. కసింలో ముంచి, వేళ్ళతో ఆ పీలికను నొక్కుతుంటే నలుపు కొసకు దిగుతుంది. ఎంత నొక్కితే అంత లావు గీత. కరక్కాయ పట్టిన గుడ్డకు తగలగానే మరకలా నిలిచిపోతుంది. రబ్బరు లేదు. వెనక్కి తిప్పే బటన్ లేదు. తప్పు గీస్తే తప్పుతోనే బతకాలి. అందుకే ఆ చేతికి గీత విలువ తెలుసు.

ఇక వాళ్ళ లెక్క చూడండి. దేవుడికి నీలం. ఆడవాళ్ళకు పసుపు. రాక్షసుడికి ఎరుపు. బారెడు గుడ్డ మీద రామాయణమంతా గళ్ళు గళ్ళుగా. ఒక్కో గడిలో ఒక్కో ఘట్టం. కింద వరసలో తెలుగులో పేరు. చదువు వచ్చినవాడు చదువుకుంటాడు, రానివాడు బొమ్మ చూస్తాడు, ఇద్దరికీ కథ తెలుస్తుంది. బొమ్మ, కింద తెలుగులో పేరు. ఐకాన్ అంటే ఇంతకన్నా ఏముందండీ? కాలిఫోర్నియాలో కనిపెట్టారని చెప్పుకునేది మన స్వర్ణముఖి ఒడ్డున ఎప్పట్నుంచో గుడ్డల మీద ఆరుతోంది.

జొన్నలగడ్డ గురప్పశెట్టికి 2008లో పద్మశ్రీ వచ్చింది. సంతోషం. శ్రీకాళహస్తి కలంకారీకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఇంకా సంతోషం. తిరుపతిలో టీటీడీ శిల్ప కళాశాల ఉంది. రాయి, చెక్క, లోహం, సంప్రదాయ చిత్రలేఖనం, కలంకారీ అన్నీ నేర్పుతారు. ఏటా పిల్లలు పట్టాలు పుచ్చుకుని బయటికొస్తారు. ప్రభుత్వం వీళ్ళను ఎందుకు వాడుకుంటుంది? ఢిల్లీ నుంచి మంత్రిగారొస్తే కప్పే శాలువా కోసం. సభలో వెనకాల వేలాడే తెర కోసం. శాలువా కప్పినంత సేపు మన కళ, మన వారసత్వం, మన గర్వకారణం. శాలువా మడిచి కారు డిక్కీలో పడేశాక? పోర్టల్ బొమ్మలకు ఇంటర్‌నెట్‌లో ఉచితంగా దొరికే కట్ట ఒకటి దించుతారు. అందులో ఇంటికి పొగగొట్టం ఉంటుంది. ఉత్తరాల పెట్టెకు ఎర్ర జెండా ఉంటుంది. మదనపల్లెలో ఎవరింటికుంది పొగగొట్టం? వి.కోటలో ఎవరి గుమ్మం ముందుంది జెండా పెట్టె?

ఇక భాషాభిమానం సంగతి. 2012 డిసెంబరు 27 నుంచి 29 దాకా నాలుగో ప్రపంచ తెలుగు మహాసభలు తిరుపతిలోనే జరిగాయి. రాష్ట్రపతి ప్రణబ్ ముఖర్జీ ప్రారంభించారు. తోరణాలు, శకటాలు, అవధానాలు. మైకు దొరికిన ప్రతివాడూ కంప్యూటర్లో తెలుగు వెలగాలన్నాడు. నిజం చెప్పాలి, ఆ రోజుల్లో ఒక మంచి పని జరిగింది. సిలికానాంధ్ర వాళ్ళు ప్రభుత్వంతో కలిసి తెలుగు యూనికోడ్ ఖతులు (ఫాంట్లు) తెచ్చారు. వాటికి పెద్దన, తిమ్మన, ధూర్జటి, తెనాలి రామకృష్ణ అని పేర్లు పెట్టారు. ఇవాళ ఎవరైనా ఉచితంగా దించుకోవచ్చు. పనికొచ్చే అక్షరాలు. అంతవరకు దండం పెట్టాల్సిందే. ఆ వరసలో ఒక ఖతి పేరు పొన్నాల. అప్పటి ఐటీ మంత్రి ఇంటిపేరు కూడా పొన్నాలే. కాకతాళీయం అయి ఉంటుంది లెండి. పక్కనే ధూర్జటి. రాజుల కొలువును చీదరించుకుని కాళహస్తీశ్వరుడికి మొరపెట్టుకున్న మన ఊరి కవి. ఆయన్ను తీసుకెళ్ళి మంత్రిగారి పక్క కుర్చీలో కూర్చోబెట్టారు. పాపం, శతకం ఇంకోటి రాద్దామన్నా ఆయనకిప్పుడు వీల్లేదు.

ఖతులయ్యాయి. తర్వాత? తెర మీది బొమ్మలు, వాటి కింది పేర్లు, మెనూలు, తప్పు దొర్లితే వచ్చే సందేశాలు తెలుగులో ఎవరు చెయ్యాలి? హైదరాబాదులో స్వేచ్ఛ అనే సంస్థ కుర్రాళ్ళు జీతం భత్యం లేకుండా లినక్స్‌ను తెలుగులోకి తెచ్చారు. చెన్నైలో సీడాక్ వాళ్ళు 2007లోనే ‘బాస్’ అనే ఆపరేటింగ్ సిస్టమ్ తెచ్చారు, అందులో తెలుగూ ఉంది. తిరుపతి నుంచి చెన్నైకి బస్సెక్కితే నాలుగు గంటలు. పదిహేనేళ్ళు దాటినా ఆ బస్సు మన ఆఫీసుల దాకా రాలేదు.

స్వదేశీ అనే మాటకు మాత్రం కొదవలేదు. 2023 జనవరిలో ఐఐటీ మద్రాసు నుంచి భార్‌ఓఎస్ అనే ఫోన్ ఆపరేటింగ్ సిస్టమ్ వచ్చింది. కేంద్ర మంత్రులు ఫోన్ పట్టుకుని ఫొటోలు దిగారు. పునాది ఆండ్రాయిడ్‌దే. అదే ఏడాది రక్షణ శాఖ మాయా అనే వ్యవస్థ తెచ్చింది. పునాది ఉబుంటు. పునాది తప్పని నేననడం లేదు, అందరూ అలాగే కడతారు. కానీ దాన్ని పొగుడుతూ చెప్పిన మాట వినండి. చూడ్డానికి అచ్చం విండోస్‌లా ఉంటుంది, ఉద్యోగులకు తేడా తెలియదు! స్వదేశీ గొప్పతనం ఏమిటయ్యా అంటే విదేశీలా ఉండటం. నవ్వాలా, ఏడవాలా?

మనం మన భాషను ఇంత ముద్దుగా చూసుకుంటుంటే పరాయివాడు నెత్తిన పెట్టుకుంటాడా? 2018 ఫిబ్రవరిలో ఏమైంది? ఒకే ఒక్క తెలుగు సంయుక్తాక్షరం, ‘జ్ఞా’, ఎవరో సందేశంలో పంపితే ఐఫోన్లు కుప్పకూలాయి. లక్షలు పోసి కొన్న ఫోన్లు! ఆపిల్ హడావిడిగా మరమ్మతు పంపింది. తెలుగువాళ్ళం తెగ నవ్వుకున్నాం. మన ‘జ్ఞా’నానికి భయపడ్డాడ్రా అని వాట్సాప్‌లో మీసాలు మెలేశాం. మన తెలుగును ఎవడూ సరిగ్గా పరీక్షించలేదని, పరీక్షించమని అడిగే నాథుడు మనకు లేడని మాత్రం ఎవరికీ తట్టలేదు.

ఇప్పుడు వాట్సాప్ పాలన నడుస్తోంది. 2025 జనవరిలో ‘మన మిత్ర’ వచ్చింది. మొదటి రోజే 161 సేవలన్నారు. తెలుగు ఉంది, కాదనను. ఆ తెలుగు చదవాలి. 161 సేవల పట్టికను ఐదంగుళాల తెర మీద కిందికి లాగుతూ చదవాలి. అవ్వ దగ్గరున్నది బటన్ల ఫోన్. మనవడి ఫోన్ అడగాలి. మనవడు బెంగళూరులో డెలివరీ పని చేస్తున్నాడు.

తిరుపతి వాళ్ళకు ఇదంతా కొత్త పాఠమా? రాత్రిపూట ఏ వీధిలోనైనా నిలబడి కొండవైపు చూడండి. శంఖు, నామం, చక్రం దీపాలతో వెలుగుతుంటాయి. మహారాష్ట్ర నుంచి వచ్చినవాడికి తెలుగు రాదు, తమిళ ముసలాయనకు హిందీ రాదు, ఒడిశా తల్లికి ఏ చదువూ రాదు. ఎవరికైనా అనుమానం వచ్చిందా, అది దేని గుర్తు అని? అది గీసినవాడు టెండరు వేశాడా? కింద ఇంగ్లీషులో ‘క్లిక్ హియర్’ అని రాశాడా?

అడుగుతున్నది ఆకాశంలో చందమామను కాదు. జనం ఎక్కువగా అడిగే పాతిక సేవలు తీసుకోండి. కులానికొక బొమ్మ, ఆదాయానికొకటి, పొలానికొకటి, పింఛనుకొకటి, చావుపుట్టుకలకు చెరొకటి. శ్రీకాళహస్తి నుంచి ఇద్దరినీ, శిల్ప కళాశాల నుంచి ఇద్దరినీ పిలవండి. గళ్ళ పుస్తకాలు ఇప్పించండి. పింఛనుకు ఏం గీయాలో వాళ్ళను అడగకండి, పలమనేరు సంతలో పిందెలమ్మే అవ్వలను అడగండి. ఒకటో తేదీ, చేతిలో నోట్లు, వేలికి సిరా. ఏదో ఒకటి చెబుతారు. గీసినవి చిన్నవి చేసి మళ్ళీ వాళ్ళకే చూపించండి. పోల్చుకోలేకపోతే చించేసి మళ్ళీ గీయండి. పెద్ద సైజులో గీసిన బొమ్మను అలాగే కుదిస్తే అలుక్కుపోతుంది, చిన్నదాన్ని విడిగా గీయాలి, మీసాలూ నగలూ తీసెయ్యాలి. రోలరుకూ కారుకూ తేడా కోసం మీరు చేసిన యుద్ధమంతా దీని గురించే కదా? ఖర్చెంతవుతుందంటారా? ఒక శిలాఫలకం, దాని మీది పరదా, పరదా లాగేటప్పుడు పట్టిన పూలదండలు. అందులో సగం చాలు.

కానీ మనకు తెలియదా ఏం జరుగుతుందో? ముందు ఒక ఉన్నతస్థాయి కమిటీ. కమిటీకి సింగపూర్ పర్యటన. తర్వాత బెంగళూరు కంపెనీకి కన్సల్టెన్సీ. ఆ కంపెనీ మూడొందల పేజీల నివేదిక ఇస్తుంది, ఇంగ్లీషులో. చివరికి పాతిక బొమ్మలూ వస్తాయి. పాతికింటి మధ్యలో నాయకుడి ముఖం. చుట్టూ ఈ ఐదేళ్ళ రంగు.

అందుకే ఒక చిన్న విన్నపం. సోమవారం సోమవారం కలెక్టరేట్లలో అర్జీలు తీసుకుంటారు కదా. వచ్చే సోమవారం అవ్వను కాసేపు కుర్చీలో కూర్చోనివ్వండి. కలెక్టరు గారు, ఎమ్మెల్యే గారు, వీలైతే మంత్రి గారు కంప్యూటర్ ముందుకు రండి. బొమ్మల కింద ఉన్న ఇంగ్లీషు అక్షరాల మీద ఒక స్టిక్కరు అంటిస్తాం. ఓటింగ్ యంత్రం మీద పార్టీ పేరు లేకుండానే మీ గుర్తు పోల్చుకుంటారుగా, అలాగే. ఎవరూ పక్కనుండి చెప్పకూడదు. కులం సర్టిఫికెట్ ఎక్కడుందో నొక్కండి సార్. తప్పు నొక్కితే ఏం పర్లేదు, సర్వర్ డౌన్ అని రాసుకుంటాం. రేపు రండి.